అడ్రినల్ పరీక్షలో ఒళ్లంతా ఆవిర్లొస్తే కంగారు పడాలా?

ఇంజెక్షన్ చేసిన రెండు నిమిషాలకే మా పిన్ని ముఖం ఎర్రబడిపోయింది, "ఒళ్లంతా ఆవిర్లొచ్చేస్తున్నాయే" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. శ్రీకాకుళంలో తెల్లవారకముందే బస్సెక్కి విశాఖ వెళ్లాం, ఇలా జరగొచ్చని ఒక్కరూ ముందు చెప్పలేదు. పది నిమిషాల్లో తగ్గిపోయింది గానీ ఆ టెన్షన్ ఇంకొకళ్లు పడకూడదనే ఇది రాస్తున్నా.

కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి తప్పనిసరైన కార్టిసోల్ అనే హార్మోన్‌ని సరిగ్గా తయారుచేస్తున్నాయా అని చూడడానికి ముందు రక్తం తీస్తారు, తర్వాత ఆ గ్రంథుల్ని పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ (మామూలుగా 250 మైక్రోగ్రాములు) ఇచ్చి, 30 నిమిషాలకీ 60 నిమిషాలకీ మళ్లీ తీస్తారు.

వెళ్లేముందు చేయాల్సిన అసలు పని, ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లడం. మన ఊళ్లలో మోకాళ్ల నొప్పులకనో ఆయాసానికనో ఇచ్చిన మాత్రలు పేరు కూడా అడగకుండా ఏళ్ల తరబడి మింగేస్తుంటాం, వాటిలో స్టెరాయిడ్ (కార్టిసోల్ లాంటి మందు) ఉంటే మన గ్రంథులు పని తగ్గించేస్తాయి. ఇన్‌హేలర్, కీలులో వేయించుకున్న ఇంజెక్షన్, చర్మానికి రాసే క్రీము, గర్భనిరోధక మాత్రలు, అన్నీ చెప్పండి. పరీక్ష కోసం ఏ మాత్ర ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా మాత్రం ఆపొద్దు, ప్రాణం మీదకొస్తుంది. ఇదివరకు ఏ ఇంజెక్షనైనా పడలేదా, ఉబ్బసం ఉందా, అదీ ముందే చెప్పండి.

ఇంజెక్షన్ పడుకుని చేయించుకోవడం మేలు. ఆవిర్లు, కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం, గుండె దడ కాసేపు ఉండి తగ్గుతాయి, అయినా నర్సుకి చెప్పండి. దద్దుర్లు లేచినా, పెదవులో నాలుకో వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఒక్క క్షణం ఆగకుండా కేకేయండి, మొహమాటం వద్దు! అరుదే గానీ, వస్తే ఎక్కువగా మొదటి అరగంటలోనే వస్తుంది. అందుకే రక్తం తీయకముందు టీకని బయటికి వెళ్లొద్దు.

ఇదే విషయం చూడడానికి కొందరికి ఇన్సులిన్ ఇచ్చి చేసే పరీక్ష వేరు. అందులో షుగర్‌ని కావాలనే 40 కంటే కిందికి దించుతారు కాబట్టి చెమటలు, వణుకు, ఆకలి వస్తాయి. జాలిపడి చాక్లెట్ పెట్టేయకండి, ఎప్పుడు ఇవ్వాలో పక్కనున్న వాళ్లు చూసుకుంటారు. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఈ పరీక్ష చేయరు, ఉంటే ముందే చెప్పాలి.

పరీక్ష అయ్యాక ఆపిన మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడిగి, ఆ మాత్ర చేతిసంచిలోనే పెట్టుకోండి. తిరుగు దారిలో వాంతులై, నిలబడలేనంత నీరసమొస్తే ఇంటికెళ్లి పడుకుందాం అనుకోకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, స్టెరాయిడ్ వాడుతున్నామని, అడ్రినల్ పరీక్ష చేయించుకున్నామని మొదటి మాటగా చెప్పండి, అక్కడ హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అవసరం కావచ్చు. మా పిన్ని ఇప్పుడు ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటే పర్సులో పెట్టుకుంటోంది.