ఒక పార్టీ వైపు మొగ్గే మీడియాను ఎంతవరకు నమ్మొచ్చు? ఎలా తేల్చుకోవాలి?

ఒక పత్రికో ఛానెలో ఫలానా పార్టీదని తెలిస్తే చాలు, గిట్టనివాళ్లు అంతా అబద్ధమంటారు, అభిమానులు కళ్లు మూసుకుని నమ్మేస్తారు. రెండూ పొరపాటే. ఒక వైపు నిలబడి కూడా వివరాలు సరిచూసుకుని రాసేవాళ్లున్నారు. పక్షపాతం వేరు, అబద్ధం వేరు.

ముందు మన కోపాన్ని పక్కన పెట్టాలి. ఇది చాలా కష్టం. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లోని పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత గురించి వచ్చిన టీవీ వార్తలను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇజ్రాయెల్ మద్దతుదారులకూ, అరబ్ మద్దతుదారులకూ చూపించారు. చూసినవి అవే వార్తలు. అయినా రెండు వర్గాలూ అవి తమకే వ్యతిరేకంగా ఉన్నాయన్నాయి. 1985లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కాబట్టి వార్త చూసి మనకు ఒళ్లు మండినంత మాత్రాన అది తప్పయిపోదు.

తర్వాత, చదువుతున్నది వార్తా, అభిప్రాయమా చూడండి. చర్చా కార్యక్రమంలో యాంకర్ అరిచింది వార్త కాదు.

సంస్థ కొత్తదైతే దాని సైట్‌లోనే తిరగకండి. వేరే ట్యాబ్ తెరిచి యజమాని ఎవరు, డబ్బు ఎక్కడిది, ఇతరులు దాని గురించి ఏం రాశారు అని వెతకండి. ఫ్యాక్ట్ చెకర్లు చేసే పని ఇదే. సైట్ అందంగా ఉందనో, లోగో హుందాగా ఉందనో నమ్మితే చదువుకున్నవాళ్లు కూడా మోసపోతారు.

ఇక అసలు వార్తలోకి వెళ్లండి. కోర్టు తీర్పు గురించైతే తీర్పులో ఆ మాట ఉందా? వీడియో ముక్కైతే దానికి ముందూ వెనకా ఏముంది? 'విశ్వసనీయ వర్గాల సమాచారం' తప్ప ఇంకే ఆధారమూ లేకపోతే, మరొకరు సొంతంగా నిర్ధారించేదాకా ఆగండి. పది సైట్లు ఒకే చోటి నుంచి ఎత్తి రాస్తే అది ఒక్క ఆధారమే.

నా దృష్టిలో అన్నిటికంటే గట్టి పరీక్ష ఒకటుంది. ఆ సంస్థ వెనకేసుకొచ్చే పార్టీ ఇరుకున పడ్డ రోజును ఎంచుకోండి. ఆ వార్త ఇచ్చిందా, మూలకు నెట్టిందా, అసలు వదిలేసిందా? దాచిన వార్త కూడా పాఠకుడికి చేసిన అన్యాయమే. అలాగే పాత తప్పులు వెతకండి. పొరపాటు తేలాక దాన్ని ఒప్పుకుని, ఏం మార్చారో చెప్పి సవరణ వేసిన సంస్థకు కొంత విలువ ఇవ్వొచ్చు. చప్పుడు చేయకుండా వార్తనే తీసేసే సంస్థ రేపు మళ్లీ అదే చేస్తుంది.

ఈ పరీక్షను మీరు రోజూ ఇష్టంగా చూసే ఛానెల్‌తోనే మొదలుపెట్టండి.