మూడు డిస్క్‌ల రౌండ్‌లో షాట్లు ఎందుకు తేడా కొడతాయి: సమస్యలు, పరిష్కారాలు

మేం ఆడేది డిస్క్ గోల్ఫ్, ఫ్రిస్బీ లాంటి డిస్క్‌ని వీలైనన్ని తక్కువ త్రోలలో బాస్కెట్‌లో వేసే ఆట. అమెరికాలోని షార్లెట్‌లో మా బ్యాచ్ మూడు డిస్క్‌ల రౌండ్, అంటే మూడే డిస్క్‌లతో ఆడే రౌండ్, పెట్టుకున్న ప్రతిసారీ ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న వస్తుంది: "అన్నా, ఏవి తెచ్చుకోవాలి?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "కోర్సు చూశావా?" చూడరు. యూడిస్క్ యాప్ తెరిస్తే ఏ హోల్ ఎన్ని అడుగులో, నీళ్లు ఎక్కడున్నాయో మ్యాప్‌లో కనపడుతుంది, రెండు నిమిషాల పని, అయినా అది వదిలేసి బ్యాగ్‌లో తమకి బాగా ఇష్టమైన మూడు పట్టుకుని వచ్చేస్తారు. ఇష్టమైనవంటే దాదాపు ఎప్పుడూ దూరం వెళ్లేవే. దయచేసి ముందు హోల్స్ దూరాలు చూడండి. సగానికి పైగా హోల్స్ 300 అడుగుల లోపే ఉన్న కోర్సుకి రెండు డ్రైవర్లు (దూరానికి వాడే డిస్క్‌లు) తీసుకెళ్తే మిగతా రౌండంతా దాని ఫలితం అనుభవించాల్సిందే.

ఆ పని చేశారనే అనుకుని మిగతాది రాస్తున్నాను. పట్టర్ (దగ్గరికి), మిడ్‌రేంజ్ (మధ్య దూరానికి), డ్రైవర్ మధ్య తేడా, డిస్క్ మీద ఉండే స్పీడ్ (ఎంత వేగంగా విసరాలి), గ్లైడ్ (ఎంత బాగా తేలుతుంది), టర్న్ (మొదట్లో కుడికి ఎంత ఒరుగుతుంది), ఫేడ్ (చివర్లో ఎడమకి ఎంత ఒరుగుతుంది) నెంబర్లు మీకు తెలిసే ఉంటాయి. ఇదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ లెక్క. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

సమస్య: మూడు డిస్క్‌లూ ఒకే దూరంలో పడుతున్నాయి

కారణం: చేతి వేగానికి మించిన స్పీడ్ ఉన్న డిస్క్‌లు ఎంచుకున్నారు. గట్టిగా విసిరితే 250 అడుగులు వెళ్లే చేతికి స్పీడ్ 12 ఉన్న డిస్ట్రాయర్ అనే డ్రైవర్ ఇస్తే దానికి కావలసిన వేగం అందదు, టర్న్ అసలు రాదు, ఫేడ్ మాత్రం మొత్తం వస్తుంది. దాని పక్కన ఎడమకి గట్టిగా తిరిగే ఫైర్‌బర్డ్ కూడా పెట్టుకుంటే ఒకే షాట్‌కి రెండు డిస్క్‌లు మోస్తున్నట్టే.

పరిష్కారం: స్పీడ్ 6, 7 దగ్గరికి దిగండి. లెపర్డ్, టీబర్డ్ లాంటివి చాలు. 300 అడుగులు నిలకడగా దాటుతుంటే, కోర్సులో అంత దూరం అవసరమైతే, అప్పుడు పెద్ద డ్రైవర్ సంగతి చూద్దాం.

సమస్య: డ్రైవ్‌లు బాగున్నాయి, 150 నుంచి 200 అడుగుల షాట్లే ఎడమకి కొట్టుకుపోతున్నాయి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పైగా దీన్ని కనిపెట్టడం కష్టం, ఎందుకంటే ఇందులో డిస్క్ ఎంపిక తప్పని ఎవరికీ అనిపించదు, చెయ్యి సరిగ్గా పడట్లేదనే అనిపిస్తుంది.

మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు ఏవియార్, రాక్3, టీబర్డ్ తెచ్చాడు. పట్టర్, మిడ్, ఫెయిర్‌వే డ్రైవర్, మూడూ మంచి డిస్క్‌లే, ఎవరిని అడిగినా ఇదే సెట్ చెప్తారు. చెట్ల మధ్య కోర్సు. టీ షాట్, అంటే హోల్ మొదట్లో విసిరేది, చక్కగా పడింది. బాస్కెట్ ఇంకా 180 అడుగులుంది, మధ్యలో రెండు పైన్ చెట్లు, వాటి మధ్య సందు ఓ కారు పట్టేంత. అతని రాక్3 గట్టిగా విసిరితే 220 అడుగులు దాదాపు తిన్నగా వెళ్లి చివర్లో కాస్త ఎడమకి ఒరుగుతుంది. ఇక్కడ అంత దూరం అక్కర్లేదు కదా అని మెత్తగా విసిరాడు. సగం దూరం దాటగానే ఎడమకి ఒరిగి నేరుగా ఎడమ పైన్‌కి తగిలింది. తర్వాతి హోల్‌లో ముందుజాగ్రత్తగా కుడివైపు గురిపెడితే అక్కడి కొమ్మ తగిలింది. ఆ తర్వాత కోపంతో గట్టిగా కొడితే తిన్నగానే వెళ్లింది కానీ బాస్కెట్ దాటి చాలా దూరం పోయింది. రౌండ్ అయ్యేసరికి తన ఫామ్ పోయిందని నిర్ణయించేసుకుని, వీడియోలు చూస్తూ బాగానే ఉన్న త్రోని మార్చుకోవడం మొదలుపెట్టాడు. నిజానికి అతని త్రోలో ఏ లోపమూ లేదు.

అసలు కారణం ఇది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్ వేగంగా ఉన్నంతసేపూ గాలి దాన్ని కుడికి ఒరిగేలా నెడుతుంది, వేగం తగ్గాక ఎడమకి ఒరిగేలా నెడుతుంది. గట్టిగా విసిరినప్పుడు ఈ రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, అందుకే తిన్నగా వెళ్లినట్టు కనపడుతుంది. మెత్తగా విసిరితే మొదటి భాగం దాదాపు ఉండదు, డిస్క్ చేతిలోంచి బయటపడినప్పుడే రెండో దశలో ఉంటుంది. అంటే ఓవర్‌స్టేబుల్ (ఎడమకి లాగేది), అండర్‌స్టేబుల్ (కుడికి తిరిగేది) అనేవి ఒక్క డిస్క్‌ని చూసి చెప్పే మాటలు కావు, ఆ డిస్క్‌ని ఎంత వేగంతో విసురుతున్నామో దాన్నిబట్టి మారతాయి. డిస్క్ మీద ముద్రించిన టర్న్, ఫేడ్ నెంబర్లు దానికి తగ్గ వేగంతో విసిరితేనే వర్తిస్తాయి. వాటిని కంపెనీలే వేసుకుంటాయి, డిస్క్ గోల్ఫ్ సంఘం పీడీజీఏ ఆమోదించేది డిస్క్ కొలతల్నీ బరువునీ లాంటివే తప్ప ఆ నెంబర్లని కాదు.

మరి ఫుల్ బ్యాగ్‌తో ఆడేటప్పుడు ఈ సమస్య ఎందుకు రాదు? 180 అడుగులకి వేరే డిస్క్ ఉంటుంది కాబట్టి. ప్రతి డిస్క్‌నీ దాదాపు దాని పూర్తి వేగంతోనే విసురుతాం, దూరం తగ్గాలంటే డిస్క్ మారుస్తాం. మూడే ఉన్నప్పుడు డిస్క్ మార్చే వీల్లేదు, బలం తగ్గించాల్సిందే. ఏడాదంతా గట్టిగా విసరడమే చూసిన డిస్క్‌ని మొదటిసారి సగం బలంతో విసిరేది స్కోరు లెక్కపెట్టే రోజున. అది మీకు పరిచయం లేని డిస్క్‌తో సమానం. కాబట్టి మూడు డిస్క్‌ల రౌండ్‌కి అడగాల్సిన ప్రశ్న "ఇది ఎంత దూరం వెళ్తుంది?" కాదు, "సగం బలంతో ఎటు వెళ్తుంది?"

దీన్ని తేల్చడానికి ఖర్చేమీ లేదు. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు గోల్ లైన్ మీద నిలబడండి. అవతలి సగంలో ఉన్న 40 గీత మీకు సరిగ్గా 60 గజాలు, అంటే 180 అడుగులు. గ్రౌండ్ పొడవునా చిన్న గీతలు వరుసగా ఉంటాయి, ఆ వరుస మీద నిలబడి దాని వెంబడే గురిపెట్టండి, ఎడమకి ఎంత పోయిందో కళ్లముందే తెలుస్తుంది. తీసుకెళ్దామనుకునే ప్రతి డిస్క్‌నీ పరుగు లేకుండా, నిలబడినచోటు నుంచే, ఆ 40 గీత దగ్గర పడేలా ఐదుసార్లు విసరండి. గట్టిగా కాదు, దూరం కోసం కాదు. 20 అడుగులకి మించి ఎడమకి పోయేదాన్ని మధ్య డిస్క్‌గా పెట్టుకోవద్దు, అది మీకు ఎంత ఇష్టమైనదైనా సరే. ఈ చిన్న పరీక్ష చెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా, గ్రౌండ్‌కి వెళ్లి మళ్లీ ఎవరిది ఎక్కువ దూరం వెళ్తుందో చూసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ ఇంకోటి గమనించాలి. ఎడమకి పోవడానికి డిస్క్ ముందు అంచు పైకి లేవడం కూడా కారణం కావచ్చు. తేడా కనిపెట్టడం సులువే. డిస్క్ పైకి లేచి, గాల్లో ఆగినట్టయి, అప్పుడు ఎడమకి జారి పడితే అది అంచు తప్పు, అలాంటప్పుడు డిస్క్ మార్చినా లాభం లేదు. పెద్దగా లేవకుండా, ఒకే ఎత్తులో వెళ్తూ తొందరగా ఎడమకి తిరిగితే అది వేగం సంగతి, ఎంపిక మార్చాలి. మెత్తగా విసిరేటప్పుడు "తేలుతూ వెళ్లాలి" అని తెలియకుండానే అంచు పైకెత్తే అలవాటు చాలామందికి ఉంటుంది, కాబట్టి రెండూ కలిసే ఉండొచ్చు. ముందు అంచు సరిచేసుకుని అప్పుడు పరీక్ష చెయ్యండి.

పరిష్కారం: మధ్య డిస్క్ తిన్నగా వెళ్లేది, ఇంకా మాట్లాడితే కాస్త అండర్‌స్టేబుల్‌ది పెట్టుకోండి. బజ్ బాగా పనికొస్తుంది, మాకో3 కూడా. లెపర్డ్ లాంటిది మెత్తగా, సమంగా విసిరితే తిన్నగా వెళ్తుంది. అదే డిస్క్‌ని బయటి అంచు కిందికి వంచి, అంటే హైజర్ మీద, గట్టిగా విసిరితే తనంతట తాను సమంగా లేచి దూరం వెళ్తుంది. ఒకే డిస్క్‌తో రెండు షాట్లు. మూడే మోస్తున్నప్పుడు మనకి కావలసింది ఇదే కదా. ఓవర్‌స్టేబుల్ డిస్క్‌తో ఇలా కుదరదు, మెత్తగా విసిరేకొద్దీ ఇంకా ఎడమకి లాగుతుంది.

కొత్తది కొననక్కర్లేదు కూడా. తొందరగా అరిగే డీఎక్స్ ప్లాస్టిక్‌తో చేసిన పాత రాక్ మూల పడి ఉంటే తీసి ఆ గ్రౌండ్‌లో విసిరి చూడండి. కొత్త క్రికెట్ బంతీ పాత బంతీ ఒకేలా కదలనట్టే, చెట్లకి తగిలి అరిగిన డిస్క్ కొత్తదానికంటే అండర్‌స్టేబుల్‌గా మారుతుంది. మన తమ్ముడికి చివరికి పనిచేసింది అదే, మిగతా రెండూ మార్చనే లేదు.

బలం తగ్గించే పద్ధతి కూడా ఇక్కడే చెప్పాలి. చెయ్యి నెమ్మదిగా ఊపకండి, నెమ్మదిగా ఊపితే తిరుగుడు తగ్గి డిస్క్ వణుకుతుంది. చెయ్యి వెనక్కి తీసుకెళ్లే దూరం తగ్గించండి, పరుగు మానెయ్యండి, వదిలేటప్పుడు పట్టు మాత్రం గట్టిగానే ఉండాలి.

సమస్య: ఎదురుగాలిలో అన్నీ కుడికి తిరగబడుతున్నాయి

పైన చెప్పిన సూత్రమే తిరగేసి చూడండి. ఎదురుగాలి ఉంటే డిస్క్‌కి తగిలే గాలి వేగం పెరుగుతుంది, అంటే మీరు ఇంకా గట్టిగా విసిరినట్టు. వెనకగాలి ఉంటే మెత్తగా విసిరినట్టు, తొందరగా ఎడమకి ఒరిగి ముందే పడిపోతుంది. ఉదయం ఫోన్‌లో గాలి చూసి, గట్టిగా వీచేలా ఉండి కోర్సు కూడా మైదానంలా ఉంటే డ్రైవర్ స్థానంలో టీబర్డ్, మధ్యలో ఓవర్‌స్టేబుల్ అయిన జోన్ పెట్టుకోండి. చెట్ల కోర్సు అయితే గాలి గురించి మరీ టెన్షన్ పడొద్దు, మధ్య డిస్క్ మార్చకండి.

సమస్య: కుడికి తిరిగే హోల్స్‌లో ఇరుక్కుపోతున్నాను

మీకు ఫోర్‌హ్యాండ్ వస్తుందా, రాదా? ఇంతే తేల్చుకోవాల్సింది. వస్తే ఓవర్‌స్టేబుల్‌ది ఒకటి పెట్టుకోండి, బ్యాక్‌హ్యాండ్‌లో ఎడమకి, ఫోర్‌హ్యాండ్‌లో కుడికి, రెండు వైపులా నమ్మకంగా తిరుగుతుంది. రాకపోతే ఆ రోజే నేర్చుకోవాలని చూడకండి, లెపర్డ్‌ని యాన్‌హైజర్ మీద, అంటే బయటి అంచు పైకెత్తి, విసరండి.

సమస్య: నాలుగో హోల్‌లోనే ఒకటి నీళ్లలో పోయింది

చాలా డిస్క్‌లు మునిగిపోతాయి. నీళ్లున్న హోల్ ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి (మ్యాప్ చూశారు కదా) అక్కడ ఏది విసరాలో ఇంట్లోనే అనుకోండి. పట్టర్‌ని మాత్రం నీళ్ల మీదుగా విసరొద్దు, మిగతా హోల్స్ అన్నింట్లో దాని అవసరం ఉంటుంది. పోయిన డిస్క్ బదులు ఇంకోటి తీసుకోవచ్చా లేదా అనేది లీగ్‌ని బట్టి ఉంటుంది, మొదటి టీ దగ్గరే అడిగెయ్యండి. పొదల్లో వెతకడానికైతే నిబంధన ప్రకారం 3 నిమిషాలే, ఆ తర్వాత పోయినట్టే లెక్క, ఒక త్రో పెనాల్టీ.

సమస్య: పట్టింగ్ దెబ్బతింది

రోజూ వాడే పట్టర్ కాకుండా "టీ నుంచి కూడా పనికొస్తుంది" అని వేరేది తెచ్చారు. వద్దు. రోజూ చేతిలో ఉండేదే తీసుకెళ్లండి, టీ నుంచి దాన్ని ఎలా విసరాలో నేర్చుకోండి. ఒక గీత పడినా పర్లేదు. బాస్కెట్ నుంచి 10 మీటర్ల లోపల చేతికి అలవాటైన పట్టు ఉంటే ఆ రౌండ్‌లో చాలా స్ట్రోకులు మిగులుతాయి.

అరుదైనవి

డెన్వర్ లాంటి ఎత్తయిన చోట గాలి పలచన, అన్నీ కాస్త ఎక్కువ ఎడమకి పోతాయి. అక్కడ ఆడితే ఇంకొంచెం అండర్‌స్టేబుల్‌వి తీసుకెళ్లండి. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ గట్టిపడి చేతిలోంచి జారుతుంది, పట్టు బాగుండే మెత్తటి ప్లాస్టిక్ చూసుకోండి. 170 గ్రాములా 175 గ్రాములా అనేది వదిలెయ్యండి.

ఒక్క డిస్క్ రౌండ్ అయితే తిన్నగా వెళ్లే మిడ్, బజ్ లాంటిది. రెండయితే మీ పట్టర్, లెపర్డ్. నాలుగయితే పట్టర్, బజ్, లెపర్డ్, జోన్. లై (తర్వాతి త్రో వేసే చోటు) గుర్తుపెట్టే చిన్న డిస్క్, మినీ, మామూలుగా డిస్క్‌ల లెక్కలోకి రాదు, అది జేబులో వేసుకోండి.