ఫ్రూట్ క్రీమ్ జారిపోతోందా, చేదెక్కుతోందా? సమస్య - పరిష్కారం

మే నెలలో మనవైపు ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, సెలవులకు దిగిన మనవలు. ఆ ఎండల్లో పొయ్యి దగ్గర నిలబడకుండా ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు కాబట్టి అటు అమలాపురంలోనూ ఇటు భీమవరంలోనూ చాలా ఇళ్ళలో ఫ్రూట్ క్రీమ్ చేస్తున్నారు. బీట్ చేసిన క్రీమ్, కండెన్స్‌డ్ మిల్క్, మామిడి గుజ్జు, పండ్ల ముక్కలు. ట్రేలో పెట్టి ముక్కలు కోయాలనుకుంటే, గట్టిపడడానికి కాస్త చైనా గ్రాస్ (అగర్ అగర్). చేసే విధానం మీకు తెలిసిందే, అది మళ్ళీ చెప్పను. చెడితే ఎక్కడ చెడిందో పట్టుకోవడం గురించే ఇది.

ఏ సమస్యకైనా నేను ముందు అడిగేవి రెండే. క్రీమ్ ప్యాకెట్ మీద కొవ్వు ఎంత శాతం అని ఉంది? ఏయే పండ్లు వేశారు, అవి పచ్చివా, ఉడికించినవా? కొత్త బీటర్ కొన్నవాళ్ళున్నారు, కంపెనీ మార్చినవాళ్ళున్నారు, ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివినవాళ్ళు మాత్రం తక్కువ. దయచేసి చదవండి. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి.

సమస్య: ఎంతసేపు బీట్ చేసినా క్రీమ్ గట్టిపడదు

కిరాణా కొట్లో దొరికే చిన్న డబ్బా ఫ్రెష్ క్రీమ్‌లో సాధారణంగా 25 శాతం కొవ్వు ఉంటుంది. అది కూరల్లోకి. ఎంత కొట్టినా నురగ వస్తుంది గానీ నిలబడదు. కనీసం 30 శాతం కావాలి, 35 ఉంటే నిశ్చింత. ఇప్పటికే 25 శాతంది కొనేసి ఉంటే దాన్ని కొట్టడం ఆపేయండి. బట్టలో కట్టి నీరు ఓడ్చిన గేదె పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, చైనా గ్రాస్‌తో పుడ్డింగులా గట్టిపరచండి. రుచికేం లోటుండదు.

శాతం సరిపోయినా గట్టిపడకపోతే అది చల్లదనం సమస్య. క్రీమ్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి, గిన్నె, బీటర్ పుల్లలు పావుగంట ఫ్రీజర్‌లో ఉండాలి, గిన్నె కింద ఐసు ముక్కల పళ్ళెం ఉండాలి. బయట 40 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం వంటింట్లో ఈ పని పెట్టుకోకండి, తెల్లవారుజామున చేయండి. క్రీమ్ గరుగ్గా, రవ్వరవ్వగా కనిపించిందంటే మాత్రం అది ఎక్కువ కొట్టడం వల్ల. వెంటనే ఆపి రెండు మూడు చెంచాల చల్లటి క్రీమ్ పోసి గరిటెతో నెమ్మదిగా కలిపితే మొదట్లో అయితే వెనక్కొస్తుంది. వెన్న విడిపోయిందా, ఇక అది వెన్నే.

సమస్య: తెల్లారేసరికి అడుగున నీళ్ళు

పండ్ల ముక్కల మీద పంచదార చల్లి పక్కన పెట్టారేమో చూడండి. పంచదార పండులోని నీటిని బయటికి లాగేస్తుంది. తీపి క్రీమ్‌లోనే వేసుకోండి, ముక్కల మీద కాదు. కోసిన ముక్కలు జల్లెడలో కాసేపు ఉంచి, శుభ్రమైన బట్ట మీద ఒత్తి వేయండి.

మామిడిలో ముక్కలకు బంగినపల్లి. అది కూడా గట్టిగా ఉన్న పండు, మెత్తబడింది వద్దు. గుజ్జుకు రసాలు తియ్యగా ఉంటాయి కానీ వాటిలో నీరెక్కువ, పీచెక్కువ. వడకట్టి, వెడల్పాటి మూకుట్లో సన్నసెగ మీద దగ్గరపడేదాకా ఇగిర్చి, పూర్తిగా చల్లారాకే కలపండి. తాటిముంజెలు వేయాలని మనవాళ్ళకి ఉంటుంది, వేయండి, కానీ పైపొర ఒక్క చెక్కు కూడా మిగలకుండా ఒలిచి, నీరు ఓడ్చి, వడ్డించేముందు పైన వేయండి. రాత్రే కలిపేస్తే ముంజె నీరంతా క్రీమ్‌లోకి దిగుతుంది.

సమస్య: రాత్రి బ్రహ్మాండంగా ఉంది, మర్నాడు చేదు

ఇది అన్నిటికన్నా దొంగది. దీనివల్ల పాడైన ట్రేలు నేను చాలా చూశాను, ప్రతిసారీ నింద ఇంకెవరి మీదో పడుతుంది. కలిపిన రాత్రి రుచి చూస్తే ఏ తేడా తెలియదు, పిల్లలు గిన్నె నాకి మరీ బాగుందంటారు. మర్నాడు భోజనాలయ్యాక వడ్డిస్తే మొదటి చెంచా తియ్యగానే ఉంటుంది. మింగాక గొంతు మొదట్లో చేదు తగిలి, మంచినీళ్ళు తాగినా పోదు. క్రీమ్ పాతదంటారు, పాలు కల్తీ అంటారు, మామిడిపండు మందేసి మగ్గబెట్టిందంటారు. అవేవీ కాదు. అందులో ఉడికించని పచ్చి అనాస ముక్కలున్నాయి, లేదా బొప్పాయి ముక్కలున్నాయి.

నమ్మకం కుదరకపోతే ట్రేలో ఒక అనాస ముక్క చుట్టూ దగ్గరగా చూడండి. ముక్కని ఆనుకుని ఉన్న క్రీమ్ పట్టు సడలి పల్చబడి ఉంటుంది. అందులో లేత పసుపు నీరు, ఆ నీటిలో విరిగిన పాలలా చిన్న చిన్న పలుకులు. అదే ట్రేలో మామిడి ముక్క పక్కన క్రీమ్ గట్టిగా, నున్నగా ఉంటుంది. రెండు చోట్ల నుంచి చెరో చెంచా తీసి రుచి చూడండి. చేదు ఎక్కణ్ణించి వస్తోందో మీకే తెలుస్తుంది.

కారణం ఇది. అనాసలో బ్రొమెలైన్, బొప్పాయిలో పపైన్ అనే ఎంజైములుంటాయి. ప్రొటీన్‌ను తుంచడమే వాటి పని. మటన్ ముదురుగా ఉంటే పచ్చి బొప్పాయి తురుము పట్టించేది అందుకే కదా. మాంసాన్ని మెత్తబరిచేదే పాలలోని ప్రొటీన్‌నూ తుంచుతుంది. అలా తెగిన తునకల్లో కొన్ని చేదుగా ఉంటాయి. దానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రి తెలియలేదు. ఫ్రిజ్ ఆ పనిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. ఫ్రీజర్‌లో పెట్టినా ఎంజైము చావదు, కరగగానే మళ్ళీ మొదలు.

"పోయినేడాది ఇలాగే చేశాం, ఏం కాలేదు" అంటారు. అప్పుడు టిన్ను పైనాపిల్ వాడి ఉంటారు. టిన్నులో పెట్టేటప్పుడే దాన్ని వేడి చేస్తారు, ఎంజైము అప్పుడే పోతుంది. లేదా బేకరీ వాళ్ళు వాడే నూనె క్రీమ్ వాడి ఉంటారు, అందులో పాల ప్రొటీన్ తక్కువ, చేదు అంతగా తెలియదు. లేదా చేసిన గంటలోనే అందరూ తినేసి ఉంటారు. ఈ ఏడాది బండి మీద కోసిచ్చిన తాజా అనాస, పాల క్రీమ్, రాత్రంతా ఫ్రిజ్ మూడూ కలిశాయి.

ఇంకో చోట కూడా మోసపోతారు. గట్టిపరచడానికి చైనా గ్రాస్ బదులు జెలటిన్ వాడితే ఈ పండ్లు ఉన్నప్పుడు అసలు గడ్డకట్టదు, ఎందుకంటే జెలటిన్ కూడా ప్రొటీనే. దాంతో చైనా గ్రాస్‌కి మారతారు. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి తీసింది, దాన్ని ఈ ఎంజైములు ఏమీ చేయలేవు. ట్రే చక్కగా గట్టిపడుతుంది. సమస్య తీరిందనుకుంటారు. కానీ పాలు, క్రీమ్ అందులోనే ఉన్నాయి కదా, చేదు దాని దారిన అది వస్తుంది.

పరిష్కారం ఉడకబెట్టడమే. అనాసను చిన్న ముక్కలు చేసి, నాలుగు చెంచాల పంచదారతో దాని రసంలోనే పొయ్యి మీద పెట్టి, మరుగు పట్టాక 5 నిమిషాలు ఉంచండి. ముక్క మధ్య దాకా వేడి చేరాలి, పైపైన వేడి చేసి దించితే లాభం లేదు. పూర్తిగా చల్లార్చి, రసం ఓడ్చి, ముక్కలు వాడండి. ఆ రసాన్ని పారబోయకండి, అడుగున పేర్చే బిస్కెట్లు దాంట్లో ముంచితే బాగుంటుంది. బొప్పాయి సంగతి వేరు. పపైన్ వేడికి అంత తేలిగ్గా లొంగదు, ఉడికిన బొప్పాయికి రుచీ ఉండదు. దాన్ని కలపకుండా, గిన్నెల్లో వడ్డించేటప్పుడు పైన నాలుగు ముక్కలు వేయడమే మంచిది. కివి, పచ్చి అంజూర కూడా ఇదే కోవ. సపోటా, ద్రాక్ష, దానిమ్మ, ఆపిల్‌తో ఈ బాధ లేదు.

అనుమానం ఉన్న పండును ముందే పరీక్షించుకోవచ్చు. రెండు చెంచాల క్రీమ్‌లో ఒక చెంచా పండు గుజ్జు కలిపి అరగంట బయట పెట్టండి. మన ఎండాకాలపు వేడికి ఎంజైము చురుగ్గా పనిచేస్తుంది. చేదు తగిలిందా, ఆ పండు పచ్చిగా వెళ్ళకూడదు. ఒకసారి చేదెక్కిన ట్రేకి మాత్రం మందు లేదు. పంచదార పోసినా, ఏలకుల పొడి చల్లినా ఆ చేదు కింద నుంచి తెలుస్తూనే ఉంటుంది.

సమస్య: చైనా గ్రాస్ పోగులు పోగులుగా తగులుతోంది, లేదా గట్టిపడలేదు

లీటరు మిశ్రమానికి సుమారు 10 గ్రాములు. అరగంట నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళలోనే మరిగించాలి. గరిటె ఎత్తి చూస్తే ఒక్క పోగు కూడా కనిపించకూడదు. గోరువెచ్చని నీటిలో కరిగిందనుకుంటే కరగలేదనే అర్థం. పులుపున్న మామిడి గుజ్జు వేసి మరిగించకండి, పట్టు తగ్గుతుంది. గుజ్జు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కలపడం ఇంకో తప్పు, చల్లదనం తగలగానే చైనా గ్రాస్ అక్కడికక్కడే పోగులు కడుతుంది. గుజ్జు బయటి వేడికి వచ్చాక వేడి చైనా గ్రాస్ పోసి బాగా కలిపి, కాస్త చల్లారాక క్రీమ్ కలపండి. క్రీమ్ కలిపేశాక గట్టిపడలేదని తెలిస్తే మళ్ళీ వేడి చేయొద్దు, ఫ్రీజర్‌లో పెట్టి ఐస్‌క్రీములా వడ్డించేయండి.

సమస్య: బల్ల మీద పెట్టగానే కారిపోతోంది

జెలటిన్ వాడారు. 35 డిగ్రీల దగ్గర అది నిలవదు. మన పందిట్లో చైనా గ్రాసే నిలుస్తుంది. నూనె క్రీమ్ కూడా పాల క్రీమ్ కన్నా ఎక్కువసేపు ఓర్చుకుంటుంది, కాకపోతే చాలావాటిలో తీపి ముందే ఉంటుంది, పంచదార తగ్గించాలి.

అరటిపండు నల్లబడితే, వడ్డించేముందు కోసి వేయండి. చక్కెరకేళి అయినా, కర్పూరం అయినా అంతే. మిగతావి, అంటే చైనా గ్రాస్ నాసిరకం, నీళ్ళలో ఉప్పదనం, ఏలకులు పాతవి, ఇవి అరుదు. పై రెండు ప్రశ్నలకూ జవాబు సరిగ్గా ఉన్నాకే వాటి జోలికి వెళ్ళండి.

పందిట్లో వడ్డించేటప్పుడు ట్రే అడుగున ఐసు పెట్టి, ఒక్కో ట్రేనే బయటికి తెండి. గంటకు మించి బయట ఉన్న క్రీమ్‌ను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం పిల్లలకు పెట్టొద్దు.