లారీలో చోటు పంచుకుందాం – 4: పెట్టె ఉబ్బినచోట కొలవండి

కిందటి పాఠంలో పెట్టె కొలతలను బట్టి కిరాయి బరువు ఎలా కడతారో చెప్పాను. అది చూసి సరుకు వేసినవాళ్లందరి ప్రశ్నా ఒకటే: "మీ లెక్కకు 360 కిలోలు రావాలి, ఎల్‌ఆర్‌లో (లారీ రసీదులో) 440 రాశారు. ట్రాన్స్‌పోర్టు గుమస్తా మోసం చేశాడా?" చేయలేదండీ. ఈసారి చెప్పాల్సిన డోర్ డెలివరీ పాఠం వచ్చేసారి. ముందు దీని సంగతి తేల్చుకుందాం.

కిందటిసారి చేసిన కొండపల్లి బొమ్మల లెక్కే తీసుకోండి. పెట్టె 24×18×18 అంగుళాలు. హెచ్చవేసి 1728తో (ఘనపుటడుగుకు అన్ని ఘనపుటంగుళాలు) భాగిస్తే 4.5 ఘనపుటడుగులు. (నేనైతే నేరుగా 2×1.5×1.5 అడుగులు అనేసుకుంటాను.) ఘనపుటడుగు చోటును 8 కిలోల బరువుగా లెక్క కట్టే ట్రాన్స్‌పోర్టయితే పెట్టెకు 36, పదింటికి 360. పొణికి చెక్క తేలిక, తూకంలో అందులో సగం కూడా ఉండదు. అయినా కిరాయి పడేది కొలత బరువు, అసలు తూకం రెండింట్లో ఎక్కువదానికే.

మీరు పొరబడింది ఇక్కడే. 24×18×18 అనేది అట్టపెట్టెలమ్మే దుకాణంలో చెప్పిన లోపలి కొలత. గుమస్తా టేపు పెట్టేది బయట, అదీ బాగా ఉబ్బినచోట. అట్ట మందం, మూత పడనంతగా కుక్కిన కాగితాలు, పైన చుట్టిన గోనెపట్టా, అన్నీ కొలతలోకి వస్తాయి. 25×19×20 అయిందనుకోండి: 9500 ఘనపుటంగుళాలు, అంటే 5.5 ఘనపుటడుగులు, 44 కిలోలు. పొడవు, వెడల్పుల్లో అంగుళమేసి, ఎత్తులో రెండంగుళాలే కదా అనుకోకండి. అవి కూడికలో కాదు, హెచ్చవేతలో పెరుగుతాయి. పది పెట్టెలకు 80 కిలోలు పెరిగినట్టు; కిలోకు 5 రూపాయలనుకున్నా 400 పోయాయి. పైగా ఉబ్బిన పెట్టె మీద ఇంకొకరి పెట్టె నిలవదు. పంచుకున్న లారీలో ఆ చోటు ఎవరికీ పనికిరాదు కాబట్టి గుమస్తా కొలిచిందే న్యాయం.

పుస్తకాలు, ఇత్తడి సామాను వేసేవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడ తూకమే గెలుస్తుంది. ప్లాస్టిక్ బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చండి. గోనెపట్టా నాకు ఇష్టం ఉండదు. మందం అట్ట, అడ్డంగా నిలువుగా బిగించిన ప్లాస్టిక్ పట్టీ చాలు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) సంగతి మరవకండి.

అభ్యాసం: మూడు పెట్టెలు కట్టి, ఒక్కోదాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి చోట్ల కొలవండి. మొత్తం 27 కొలతలు. ప్రతి వైపూ పెద్దదే తీసుకుని ఘనపుటడుగుకు 6, 8, 10 కిలోల లెక్కన విడివిడిగా కట్టండి. తర్వాత పెట్టెలు విప్పి, అదే సరుకును రెండంగుళాలు తక్కువ ఎత్తులో సర్ది మళ్లీ కొలవండి. మీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్లు ఘనపుటడుగుకు ఎన్ని కిలోలు కడతారో సరుకు తీసుకెళ్లకముందే ఫోన్ చేసి అడగండి.