ఇంజిన్‌ను వదలని గేర్‌బాక్స్‌ను విరగ్గొట్టకుండా తీయడం ఎలా?

బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు ఆనుకుని ఉండే గంట ఆకారపు తొడుగు) చెవి, అంటే బోల్టు పట్టే కొస, విరిగిన గేర్‌బాక్స్ మా షెడ్డుకి వచ్చినప్పుడల్లా ఒకటే మాట వింటాను: "ఎంత లాగినా రాలేదు బాబూ, గునపం వేశాం." గునపం వేస్తే విరగక ఏటవుతుంది?

మాది నరసన్నపేట దగ్గర. ఇటు కళింగపట్నం, అటు భావనపాడు. చేపల ట్రేల నుంచి కారే ఉప్పునీటిలో నానిన బొలేరో పికప్‌లే ఎక్కువగా వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నీళ్లలో నిలిచిన బండ్లయితే ఏళ్ల తర్వాత కూడా ఇలాగే మొరాయించేవి. అందుకే ఇదంతా వెనక చక్రాలతో నడిచే అలాంటి బండిని దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

ముందు పనులు త్వరగా చెప్పేస్తాను. బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. బండిని గొయ్యి మీదో, గట్టి స్టాండ్ల మీదో పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందకు దూరొద్దు. గేర్ ఆయిల్ దించి, ప్రొపెల్లర్ షాఫ్టుకు (వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) గుర్తు గీసి విప్పండి. గేర్ లివరు, క్లచ్ స్లేవ్ సిలిండరు (పెడల్ నొక్కితే క్లచ్‌ను నెట్టేది), వైర్లు, స్టార్టరు తీసేయండి. ఇంజిన్ వెనక భాగానికి ఆనిక, గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టాకే క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ను కింద మోసే అడ్డ దూలం) విప్పండి. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి అట్టముక్క మీద హౌసింగ్ బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి.

ఇప్పుడు అట్ట మీద బోల్టులు లెక్కపెట్టండి, హౌసింగ్ చుట్టూ రంధ్రాలు లెక్కపెట్టండి. లెక్క కుదిరిందా? నాకు నమ్మకం లేదు, చేత్తో తడిమి చూడండి. పైన, క్యాబిన్ గోడ వైపు, మట్టి కింద ఒక బోల్టు దాక్కుంటుంది. అతుక్కుపోయిందంటూ ట్రక్కు మీద వేసుకొచ్చిన ఒక బండిలో ఆ ఒక్క బోల్టు తీస్తే రెండు నిమిషాల్లో గేర్‌బాక్స్ దిగింది. ఆటోమేటిక్ బండయితే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఉండేది) బోల్టులు కూడా విప్పాలి.

ఇంకా రాకపోతే, అసలు దొంగ డోవెల్ పిన్ను. గేర్‌బాక్స్ అటూఇటూ కదలకుండా సరిగ్గా నిలబెట్టే రెండు చిన్న ఉక్కు పిన్నులు ఇవి. ఇంజిన్ బ్లాకు పోత ఇనుము, హౌసింగ్ అల్యూమినియం. వాటి మధ్యకు ఉప్పుతేమ చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి పోయిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పిన్నును బిగించేస్తుంది. అంటే పట్టు ఉన్నది రెండు చోట్లే. చుట్టూ అంచంతా పొడవడం దండగ.

సాయంత్రం ఆ రెండు చోట్లా అతుకు దగ్గర చొచ్చుకుపోయే నూనె నాలుగు చుక్కలు వేయండి. ధారగా కొడితే లోపల క్లచ్ ప్లేటు తడిసి పాడవుతుంది. రాత్రంతా వదిలేయండి. ఓపిక లేనివాళ్లు గ్యాస్ మంట పెడతారు. డీజిలు పైపుల పక్కన, నూనె వేసిన చోట మంటేమిటి? పొద్దున్నే మరిగిన నీళ్లలో ముంచిన గుడ్డ పిన్ను చుట్టూ హౌసింగ్‌కి చుట్టండి. అదే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, పిన్ను చుట్టూ రంధ్రం కాస్త విచ్చుకుంటుంది.

ఆ వేడి మీదే, పిన్ను దగ్గరి మందపాటి దిమ్మె మీద చెక్క పెట్టి సుత్తితో కొట్టండి. చెక్కంటే చింతచెక్కే. మామిడిచెక్క రెండు దెబ్బలకు చీలుతుంది. ఒక దెబ్బ ఎడమ, ఒక దెబ్బ కుడి. అంచు మీద, సన్నటి రెక్కల మీద ఒక్కటి కూడా పడకూడదు.

వెంట్రుకంత సందు కనబడగానే అందరూ స్క్రూడ్రైవర్ దూర్చేస్తారు. సరిగ్గా ఇక్కడే కొంపలంటుకుంటాయి. ఆ అతుకు ముఖం మీద పడిన గాటు రేపు బిగించేటప్పుడు అడ్డొస్తుంది. ఒక పక్కే లేపితే గేర్‌బాక్స్ వంకర తిరిగి, రెండో పిన్ను ఇంకా బిగుసుకుంటుంది. నేను విరిగిన హాక్సా బ్లేడు ముక్కలు దాచుకుంటాను. ఎడమన ఒకటి, కుడిన ఒకటి పెట్టి, మళ్లీ దెబ్బ, మళ్లీ ఇంకో ముక్క. రెండు పక్కలా ముక్కల లెక్క సమానంగా ఉంటే సందు సమానంగా ఉన్నట్టే. చెయిన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) కట్టి లాగేవాళ్లకు నాది నత్తనడకలా కనబడుతుంది. లాగినప్పుడు ఎటు వంగుతుందో వాళ్లకీ తెలియదు, గొలుసుకీ తెలియదు.

పిన్నులు వదిలాక కూడా రాకపోతే ఇన్‌పుట్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి ముందుకొచ్చి క్లచ్‌లో దూరే కడ్డీ) క్లచ్ ప్లేటు పళ్లలో పట్టుకుందన్నమాట. తీసిన లివరు ఒక్కసారి తిరిగి పెట్టి గేర్‌లో వేసి, వెనక ఫ్లాంజిని (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే గుండ్రటి పళ్లెం) చేత్తో అటూఇటూ ఆడిస్తూ వెనక్కి లాగండి. జాకీ ఎత్తు సరిచూసుకుంటూ ఉండండి. బరువంతా షాఫ్టు మీద వేలాడితే ప్లేటు వంగిపోతుంది, తర్వాత క్లచ్ సరిగా విడవదు.

దిగాక పిన్నులు పారేయకండి. పిన్నునీ, రంధ్రాన్నీ సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, పలచగా గ్రీజు రాయండి. ఎమెరీతో మరీ అరగదీయొద్దు. సుత్తి అక్కర్లేకుండా చేత్తో దిగాలి, దిగాక వదులుగా ఆడకూడదు.