స్లీపింగ్ బ్యాగ్‌లో చలేస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

సైకిల్ మీద రోజుల తరబడి వెళ్లేవాళ్లకు ప్రతి వంద గ్రాములూ లెక్కే. అందుకే తేలిక బ్యాగ్ కొంటారు, రెండు రాత్రులు వణికాక దాన్ని తిట్టుకుని మందంది వెతుకుతారు. చాలాసార్లు తప్పు బ్యాగ్‌ది కాదు.

సమస్య: పైన వెచ్చగానే ఉంది, వీపూ తుంటీ మాత్రం చల్లబడుతున్నాయి

ఇది బ్యాగ్ కింద పరిచే మ్యాట్ లోపం. వెచ్చదనం ఇచ్చేది బ్యాగ్‌లో నింపిన ఈకల మధ్య నిలిచిన గాలి. మీ ఒంటి బరువుకి కింది ఈకలు నలిగిపోతే ఆ గాలి ఉండదు, ఎంత ఖరీదైన బ్యాగ్ అయినా అంతే. మ్యాట్ ఆర్-వాల్యూ, అంటే నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, చూడండి. రాత్రి సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్లే చోట 3కి తక్కువైతే నేను నమ్మను. కొత్తది కొనక్కర్లేదు, గాలి మ్యాట్ కింద పల్చటి ఫోమ్ మ్యాట్ వేస్తే రెండింటి ఆర్-వాల్యూలూ కలుస్తాయి.

కింది భాగం ఎలాగూ పనిచేయదు కదా అని దాన్ని తీసేసి చేసినవే క్విల్ట్‌లు. బరువు బాగా తగ్గుతుంది. కానీ రాత్రంతా అటూ ఇటూ దొర్లేవాళ్లకు పక్కల నుంచి చలిగాలి దూరుతుంది. మ్యాట్‌కి కట్టే పట్టీలున్నది, కాస్త వెడల్పుది తీసుకోండి.

సమస్య: బ్యాగ్ మీద 0 డిగ్రీలని ఉంది, 5 డిగ్రీలకే వణుకు

ఆ సున్నా ఏ సున్నానో చూడండి. స్లీపింగ్ బ్యాగ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537 ప్రకారం పరీక్షించిన బ్యాగ్‌లకు కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని వేర్వేరు అంకెలు ఉంటాయి. కంఫర్ట్ అంటే చలికి త్వరగా వణికే మనిషి కూడా హాయిగా పడుకోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ముడుచుకుని ఎలాగో రాత్రి గడిపేది. ఎక్స్‌ట్రీమ్ ప్రాణం నిలుపుకోవడానికే, నిద్రకి కాదు. అట్ట మీద పెద్దగా అచ్చేసేది తరచు లిమిట్ అంకే. కొనేటప్పుడు కంఫర్ట్ ఒక్కటే చూడండి. పైగా ఆ పరీక్షలో పడుకునేది ఒళ్లంతా కప్పే లోదుస్తులు వేసిన, మ్యాట్ మీద పెట్టిన బొమ్మ. రోజంతా తొక్కి, సరిగా తినకుండా పడుకున్న మీకు దానికంటే ఎక్కువ చలేస్తుంది. పడుకునే ముందు ఏదైనా తినండి, చెమట జెర్సీ విప్పి పొడి బట్టలు వేసుకోండి.

ఫిల్ పవర్ (ఈకలు ఎంత పొంగుతాయో చెప్పే అంకె) విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. అది ఈకల నాణ్యత చెబుతుంది, ఎన్ని ఉన్నాయో చెప్పదు. ఒకే కొలతల్లో ఉంటే, 850 ఫిల్ పవర్ ఈకలు 200 గ్రాములున్న దానికంటే 650వి 300 గ్రాములున్నదే వెచ్చన. లోపల ఎన్ని గ్రాములో రాయని బ్యాగ్ జోలికి పోవద్దు.

సమస్య: మొదట్లో బాగానే ఉంది, నాలుగైదు రాత్రులకు పనిచేయడం మానేసింది

చెమట ఆవిరి కొద్దికొద్దిగా ఈకల్లో చేరింది. పైన తడి తగలదు కాబట్టి అనుమానం రాదు. బ్యాగ్‌ని టార్చ్ వెలుగుకి అడ్డంగా పట్టుకోండి: కుట్ల మధ్య గదుల్లో ఈకలు పరుచుకోకుండా అక్కడక్కడ ఉండకట్టి, మధ్యలో ఉత్త గుడ్డ కనిపిస్తుంది. ఉండని వేళ్లతో నలిపితే బూరులా విడిపోదు, ముద్దగా ఉంటుంది. మధ్యాహ్నం ఆగినప్పుడు తిరగేసి సైకిల్ మీద ఆరేయండి, ఉండల్ని చేత్తో విడదీయండి. ఎండే దొరకని వానల దారైతే ఈకల బదులు సింథటిక్ పీచు నింపిన బ్యాగ్ మేలు. బరువూ సైజూ పెరుగుతాయి, అయినా తడిసినప్పుడు ఈకలంత ఘోరంగా చేతులెత్తేయదు.

సమస్య: స్లీపింగ్ బ్యాగ్ పెట్టిన సీటు బ్యాగ్ (సీటు వెనక కట్టే సంచి) టైరుకి రాసుకుంటోంది

స్లీపింగ్ బ్యాగ్‌ని బరువు చూసి కొన్నారు, మడిచాక ఎంత చోటు పడుతుందో చూడలేదు. దానితో వచ్చిన గట్టి సంచి పక్కన పడేయండి. వాటర్‌ప్రూఫ్ సంచిలోకి నేరుగా కుక్కితే మూలలు కూడా నిండి, పొడవు తగ్గుతుంది. ఇంటికొచ్చాక మాత్రం వదులుగా విప్పి ఉంచండి, నెలల తరబడి నలిగిన ఈకలు మళ్లీ సరిగా పొంగవు.

సమస్య: జిప్ లోపలి గుడ్డని పట్టేస్తోంది

పల్చటి గుడ్డ కాబట్టి తప్పదు. లాగితే చిరుగుతుంది. జిప్ వెనక రెండు వేళ్లు పెట్టి గుడ్డని పక్కకి నెడుతూ మెల్లగా జరపండి.