ఐ-స్క్వేర్ ఉన్నట్టుండి 90 దాటితే: సమస్య - పరిష్కారం

సమస్య: రక్తపోటు మందుపై వచ్చిన అధ్యయనాలను మెటా అనాలిసిస్‌లో (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి ఒకే అంచనా తీసే పద్ధతిలో) కలిపితే ఐ-స్క్వేర్ (ఫలితాల మధ్య తేడాల్లో యాదృచ్ఛికం కాని వాటా) 90 శాతం దాటింది, ఆ తేడాలు యాదృచ్ఛికమేనా అని చూసే కాక్రన్ క్యూ పరీక్షలో పి విలువ సున్నాకు ఆనుకుంది. ఇది చూడగానే చాలామంది ర్యాండమ్ ఎఫెక్ట్స్ నమూనాకు (ఒక్కో అధ్యయనంలో అసలు ప్రభావం వేరుగా ఉండవచ్చని అనుకునే మోడల్‌కు) మారి, "అధ్యయనాల మధ్య భిన్నత్వం అధికం" అని ఒక వాక్యం రాసి ముందుకు సాగుతారు. దానివల్ల సమస్య తీరదు.

ముందుగా ఫారెస్ట్ ప్లాట్ (ఒక్కో అధ్యయనం ఫలితాన్ని ఒక్కో గీతగా చూపే పటం) తెరవండి. ఎన్నిసార్లు చెప్పినా అంకె చూసి ఆగిపోయేవారే ఎక్కువ. చిన్న అధ్యయనమై ఉండి కూడా, పక్కనున్న పెద్ద వాటికన్నా కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అంచనాలోని అనిశ్చితిని చూపే పరిధి) సన్నగా ఉంటే, అనుమానించవలసింది దానినే.

చాలాసార్లు అసలు కారణం: స్టాండర్డ్ డీవియేషన్ (వ్యక్తుల విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) గడిలో స్టాండర్డ్ ఎర్రర్ (సగటు అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పేది) నింపడం. వ్యాసంలోని పట్టికలో "132.4 ± 1.5" అని మాత్రమే ఉంటుంది, ఆ 1.5 ఏమిటో చెప్పే మాట పట్టిక అడుగున చిన్న అక్షరాల్లోనో, పద్ధతుల విభాగం చివరనో దాగి ఉంటుంది. మనుషుల సిస్టాలిక్ రక్తపోటు సగటుకు అటూ ఇటూ 1.5 మాత్రమే చెదరదు, 10 నుంచి 20 దాకా చెదురుతుంది. కనుక ఆ 1.5 స్టాండర్డ్ ఎర్రరే; సమూహంలో 100 మంది ఉంటే 1.5ను 10తో, అంటే 100 వర్గమూలంతో గుణించాలి. సరైన విలువ 15. అలా గుణించకపోతే వేరియన్స్ (స్టాండర్డ్ ఎర్రర్ వర్గం) 100 రెట్లు తగ్గి, ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ నమూనాలో (అన్నిటా అసలు ప్రభావం ఒకటే అనుకునే మోడల్‌లో) ఆ అధ్యయనం బరువు, అంటే దానికిచ్చే ప్రాధాన్యం, 100 రెట్లు పెరుగుతుంది. ర్యాండమ్ ఎఫెక్ట్స్‌లోనైతే టౌ-స్క్వేర్ (అధ్యయనాల మధ్య అసలు ప్రభావాల చెదురు) ఉబ్బి బరువులన్నీ దాదాపు సమానమవుతాయి కనుక తప్పు కంటికి ఆనదు. అందుకే నమూనా మార్చడాన్ని మందు అనుకోకూడదు.

నిర్ధారణకు ఆ అధ్యయనానికి మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పి విలువను రచయితలు ప్రకటించిన దానితో పోల్చండి. వారు 0.04 అన్నచోట మీకు 0.0001కన్నా తక్కువ వస్తే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. సమూహ సగటుకు 95 శాతం ఇంటర్వల్ ఇచ్చి ఉంటే, దాని వెడల్పును 3.92తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది.

అంకెలన్నీ సరిగా ఉన్నా ఐ-స్క్వేర్ దిగకపోతే భిన్నత్వం నిజమైనదే కావచ్చు. పాఠాల్లో తరచూ వాడే 13 బీసీజీ (క్షయ టీకా) ట్రయల్స్‌లో క్యూ 152, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ట్రయల్స్ సంఖ్యకు ఒకటి తక్కువ) 12. ఐ-స్క్వేర్ సుమారు 92 శాతం. మదనపల్లె, చెంగల్పట్టు ట్రయల్స్ జరిగిన 13 డిగ్రీల అక్షాంశం దగ్గర టీకా ఫలితం స్వల్పం, భూమధ్యరేఖకు దూరంగా జరిగిన వాటిలో మొత్తం మీద ఎక్కువ. ఇలాంటి చోట మెటా రిగ్రెషన్ (అక్షాంశం వంటి అంశంతో ఫలితం ఎలా మారుతుందో చూసే విశ్లేషణ) చేయాలి.

స్కేలు దిశ తారుమారు కావడం (ఎక్కువ అంకె మేలా కీడా అన్నది తిరగబడటం), రిస్క్ రేషియోను (రెండు సమూహాల ముప్పుల నిష్పత్తిని) లాగ్ తీయకుండా కలపడం కూడా జరగవచ్చు. ప్లాట్ చూస్తే అవీ బయటపడతాయి.